విండో ఆకారం మారినా బొమ్మ చెడకుండా: జావాస్క్రిప్ట్‌లో వెడల్పు, ఎత్తుల నిష్పత్తితో విలువలు మార్చడం

హుస్సేన్ సాగర్ మధ్యలో ఉన్న బుద్ధ విగ్రహాన్ని, బ్రౌజర్‌లో 3డి బొమ్మలు గీసే జావాస్క్రిప్ట్ లైబ్రరీ త్రీ.జేఎస్‌తో 3డి బొమ్మగా కట్టి ఒక పేజీలో పెట్టాను. ల్యాప్‌టాప్‌లో చూస్తే కన్నుల పండుగలా ఉంది. మధ్యలో విగ్రహం, దానికి అటొక పడవ, ఇటొక పడవ, చుట్టూ నీళ్లు. మర్నాడు పొద్దున్నే మియాపూర్‌లో మెట్రో ఎక్కి, అదే పేజీని ఫోన్‌లో తెరిచి పక్కన కూర్చున్న మా తమ్ముడికి చూపిస్తే, వాడు స్క్రీన్‌ని దగ్గరికి తీసుకుని కాసేపు చూసి "పడవలేవి అన్నా?" అన్నాడు. చూస్తే నిజంగానే లేవు. విగ్రహం నిక్షేపంగా ఉంది కానీ, కుడి అంచున ఒక చెక్క ముక్క, ఎడమ అంచున ఇంకో చెక్క ముక్క, అంతే. అవి పడవల ముక్కులని నాకు తెలుసు కాబట్టి తెలిసింది, వాడికెలా తెలుస్తుంది?

ఇలాంటిది మీకూ ఎదురై ఉంటుంది. 3డి బొమ్మే కానక్కర్లేదు, కాన్వాస్ (పేజీలో కోడ్‌తో బొమ్మ గీసే చోటు) మీద ఆట కావచ్చు, స్క్రీన్ నిండా పరిచిన ఫొటో కావచ్చు. మన విండోలో కుదిరిన అంకె ఇంకొకరి విండోలో కుదరదు. అప్పుడు ఆ అంకెని విండో ఆకారాన్ని బట్టి మార్చాలి. దీన్ని ఎలా చేస్తే నిలబడుతుందో, నేను ఎక్కడ దెబ్బ తిన్నానో వరసగా చెప్తాను.

ముందు ఒక మాట. కోడ్ లైన్లను ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో కొట్టేటప్పుడు కాన్స్ట్, విండో, మ్యాథ్ లాంటివన్నీ మామూలు ఇంగ్లీషు స్పెల్లింగ్‌తోనే కొట్టాలి, ఇన్నర్‌విడ్త్‌లో డబ్ల్యూ, ఇన్నర్‌హైట్‌లో హెచ్ క్యాపిటల్ అని మర్చిపోకండి. మీరు సొంతంగా పెట్టుకునే పేర్లు మాత్రం తెలుగులో ఉన్నా జావాస్క్రిప్ట్ ఒప్పుకుంటుంది. "నిష్పత్తి" అనే పేరుతో వేరియబుల్ పెట్టుకుంటే అది నిజంగా పనిచేస్తుంది, నేను అలాగే రాసుకుంటాను, నాకిష్టం.

మొదట నిష్పత్తి తీసుకోవాలి.

కాన్స్ట్ నిష్పత్తి = విండో.ఇన్నర్‌విడ్త్ / విండో.ఇన్నర్‌హైట్;

వెడల్పుని ఎత్తుతో భాగించడమే. చతురస్రం అయితే 1 వస్తుంది, అడ్డంగా ఉంటే 1 కంటే ఎక్కువ, నిలువుగా ఉంటే తక్కువ. ఇక్కడే చాలామంది ఒక పొరపాటు చేస్తారు. ల్యాప్‌టాప్ స్క్రీన్ 1366 × 768 కదా, అంటే 1.78 కదా అని ఆ అంకె పట్టుకుని కూర్చుంటారు. అది స్క్రీన్ నిష్పత్తి, పేజీకి దొరికే చోటు నిష్పత్తి కాదు. పైన ట్యాబ్‌లు, అడ్రస్ బార్, కింద టాస్క్‌బార్ పోగా నా ల్యాప్‌టాప్‌లో పేజీకి మిగిలింది 1366 × 657, అంటే 2.08. ఫోన్‌లోనూ ఇదే కథ. స్క్రీన్ 360 × 800 అంటే 0.45 అనుకుంటాం, బ్రౌజర్ బార్లు పోగా నాకు దక్కింది 360 × 660, అంటే దాదాపు 0.55. కాబట్టి లెక్కలో పెట్టే అంకెలు ఫోన్ డబ్బా మీద చూసి రాయకండి, కన్సోల్‌లో ప్రింట్ చేసి చూసి రాయండి. అలాగే పేజీ హెడ్‌లో పేజీ వెడల్పుని ఫోన్ వెడల్పుకి సరిపెట్టమని చెప్పే వ్యూపోర్ట్ మెటా ట్యాగ్ ఉందో లేదో చూసుకోండి. అది లేకపోతే ఫోన్ బ్రౌజర్ పేజీ వెడల్పు 980 పిక్సెళ్లు అనుకుని లెక్క కడుతుంది, రాసినదంతా చీమల్లా కనిపిస్తుంది.

నిష్పత్తి చేతికి రాగానే ఎవరికైనా వచ్చే మొదటి ఆలోచన, పాత విలువని దాంతో గుణించేద్దాం లేదా భాగించేద్దాం అని. నేనూ అదే చేశాను. ల్యాప్‌టాప్‌లో విగ్రహం నుంచి కెమెరా దూరం 26 పెట్టుకున్నాను, ఫోన్‌లో పడవలు రావాలంటే కెమెరా వెనక్కి జరగాలి, కాబట్టి 26ని నిష్పత్తితో భాగించాను. ఫోన్‌లో 47 దాటింది, పడవలు రెండూ వచ్చాయి, సంతోషం. సాయంత్రం ఇంటికొచ్చి ల్యాప్‌టాప్ తెరిస్తే అక్కడ 26ని 2.08తో భాగించగా 12.5 అయింది, కెమెరా విగ్రహం మీదికి వెళ్లిపోయి బుద్ధుడి తల కనిపించడం మానేసింది. ఒక చోట సరిచేసి ఇంకో చోట పాడుచేశానన్న మాట. గుణించడం, భాగించడం తప్పని కాదు. ఆ విలువకీ ఆకారానికీ మధ్య ఉన్న సంబంధం ఏమిటో తెలుసుకోకుండా చేస్తే ఇలాగే అవుతుంది.

అందుకే నేనిప్పుడు ఏ విలువనైనా ముట్టుకునే ముందు ఒకటే ప్రశ్న వేసుకుంటాను. ఇది లెక్కకి దొరికే విలువా, కంటితో చూసి తేల్చుకోవాల్సిన విలువా? కెమెరా ఎంత దూరంలో ఉంటే పడవలు ఫ్రేమ్‌లో పడతాయి అన్నది పూర్తిగా లెక్క, దానికి ఒకటే సరైన జవాబు ఉంది. కెమెరా ఎంత ఎత్తులో ఉంటే బాగుంటుంది అన్నది మాత్రం కంటికి సంబంధించినది. రెండింటికీ పద్ధతులు వేరు, కలిపేస్తే గందరగోళం.

లెక్కకి దొరికేదాన్ని ముందు చూద్దాం, ఎందుకంటే ఎక్కువమంది ఇక్కడే ఊరికే ఇబ్బంది పడతారు.

లుంబినీ పార్క్ దగ్గర పడవ ఎక్కి విగ్రహం దగ్గరికి వెళ్లినప్పుడు గమనించండి. విగ్రహం 18 మీటర్ల ఎత్తు, ఒకే గ్రానైట్ రాయి. పైదాకా పట్టాలంటే ఫోన్‌ని నిలువుగా పట్టుకుంటాం. అమ్మ, పిన్ని, పిల్లలు అందరూ వరసగా నిలబడితే అడ్డంగా తిప్పుతాం. నిలువుగానే పట్టుకుని అందరినీ పట్టించాలంటే ఒక్కటే దారి, వెనక్కి నడవడం. త్రీ.జేఎస్ కెమెరా ఎప్పుడూ ఆ మూడో స్థితిలోనే ఉంటుంది. పర్‌స్పెక్టివ్ కెమెరాకి ఇచ్చే మొదటి అంకె, ఎఫ్ఓవీ (ఫీల్డ్ ఆఫ్ వ్యూ), కెమెరా చూపు కింద నుంచి పైదాకా ఎంత విచ్చుకుంటుందో చెప్పే నిలువు కోణం. విండో ఎంత సన్నబడినా కెమెరా కిందకీ పైకీ అంతే చూస్తుంది, పక్కలకి మాత్రం చూపు తగ్గిపోతుంది. ఫోన్‌లో విగ్రహం చెక్కుచెదరకుండా ఉండి పడవలు మాత్రమే పోయింది అందుకే.

నేను సీన్‌లో కొలతలన్నీ నిజమైనవే పెట్టుకున్నాను, ఒక యూనిట్ అంటే ఒక మీటర్. ఇలా పెట్టుకుంటే తర్వాత లెక్క చేసేటప్పుడు బుర్రకి తేలిగ్గా ఎక్కుతుంది. విగ్రహం 18, కింద పీఠం, తల పైన కాస్త ఆకాశం, మొత్తం 24 మీటర్ల ఎత్తు కనిపించాలి. పడవలు మధ్య నుంచి అటు పది, ఇటు పది మీటర్ల దాకా ఉన్నాయి, అంచుల్లో ఒక్కో మీటర్ వదిలితే 22 మీటర్ల వెడల్పు కనిపించాలి. ఈ రెండు అంకెలే అసలు కోరిక. కనిపించే వెడల్పు అంటే కనిపించే ఎత్తు ఇంటూ నిష్పత్తి. ల్యాప్‌టాప్‌లో 24 ఇంటూ 2.08, దాదాపు 50 మీటర్లు, కావాల్సినదానికి రెట్టింపు పైనే. ఫోన్‌లో 24 ఇంటూ 0.55, 13 మీటర్లు, పడవ ముక్కు దగ్గరే ఆగిపోయింది.

దీన్ని తిరగేస్తే సరిపోతుంది. 22 మీటర్ల వెడల్పు కావాలంటే కనిపించే ఎత్తు కనీసం 22 బై నిష్పత్తి ఉండాలి. విగ్రహం కోసం కనీసం 24 ఉండాలి. రెండూ నెరవేరాలి కాబట్టి ఏది పెద్దదైతే అది.

కాన్స్ట్ కనిపించే_ఎత్తు = మ్యాథ్.మ్యాక్స్(24, 22 / నిష్పత్తి);
కాన్స్ట్ దూరం = (కనిపించే_ఎత్తు / 2) / మ్యాథ్.ట్యాన్(25 * మ్యాథ్.పీఐ / 180);

ఎఫ్ఓవీ 50 డిగ్రీలు పెట్టాను, అందులో సగం 25. కెమెరాకి ఎఫ్ఓవీ డిగ్రీల్లో ఇస్తాం కానీ మ్యాథ్.ట్యాన్ రేడియన్లలో అడుగుతుంది, అందుకే ఆ మ్యాథ్.పీఐ / 180. ఇది మర్చిపోతే ఎర్రర్ ఏమీ రాదు, కెమెరా మాత్రం ఎక్కడో తేలుతుంది, ఎందుకో తెలియక గంట పోతుంది. ఈ రెండు లైన్లతో ల్యాప్‌టాప్‌లో దూరం 26 దగ్గర, ఫోన్‌లో 43 దగ్గర వచ్చింది. విండో 24 వంతుల ఎత్తుకి 22 వంతుల వెడల్పు, అంటే నిష్పత్తి 0.92 దాకా తగ్గినా కెమెరా కదలదు, అంతకంటే సన్నబడితేనే వెనక్కి జరగడం మొదలుపెడుతుంది. కావాల్సింది కూడా సరిగ్గా అదే.

ఇదే పనిని కొందరు ఫోన్‌లో 43, ల్యాప్‌టాప్‌లో 26 అని రెండు అంకెలు చూసుకుని మధ్యలో సరళ రేఖ గీసి చేస్తారు. ఆ రెండు విండోల్లో చూస్తే తేడా తెలియదు. కానీ విండోస్ కీ, ఎడమ బాణం నొక్కి బ్రౌజర్‌ని సగం స్క్రీన్‌కి తెచ్చి చూడండి, 683 × 657 అవుతుంది, నిష్పత్తి 1.04. సరళ రేఖ ప్రకారం దూరం 37 దాటుతుంది, అసలు కావాల్సింది 26 మాత్రమే. విగ్రహం మూడింట ఒక వంతు చిక్కిపోయి, చుట్టూ అనవసరంగా నీళ్లు. ఆఫీసుల్లో ఒక పక్క ఎక్సెల్, ఇంకో పక్క బ్రౌజర్ పెట్టుకుని పనిచేసేవాళ్లు ఎంతమందో చూస్తే, ఈ మధ్య ఆకారాన్ని వదిలేయడం ఎంత నష్టమో తెలుస్తుంది. నాకు ఒక క్లయింట్ నుంచి వచ్చిన మొదటి కంప్లయింట్ సరిగ్గా ఇలాంటి సగం విండో నుంచే.

3డి కాకుండా మామూలు కాన్వాస్ అయితే లెక్క ఇంకా తేలిక. మీ బొమ్మ అసలు సైజు 1600 × 900 అనుకోండి, విండో వెడల్పుని 1600తో, ఎత్తుని 900తో విడివిడిగా భాగించండి. రెండింటిలో చిన్నది తీసుకుని స్కేల్ చేస్తే బొమ్మ మొత్తం కనిపిస్తుంది, పక్కన ఖాళీ మిగలొచ్చు. పెద్దది తీసుకుంటే ఖాళీ ఉండదు, అంచులు కొంత తెగుతాయి. మ్యాథ్.మిన్ కావాలా మ్యాథ్.మ్యాక్స్ కావాలా అన్నదే తేల్చుకోవాల్సింది.

ఇక కంటితో తేల్చుకునే విలువలు. నా సీన్‌లో అది కెమెరా ఎత్తు. ఫోన్‌లో కెమెరా నీటి మీద 3 మీటర్ల ఎత్తులో ఉంటే, పడవలో కూర్చుని తలెత్తి చూసినట్టు, విగ్రహం నిండుగా అనిపించింది. ల్యాప్‌టాప్‌లో అదే 3 పెడితే అంత వెడల్పు నీళ్లు ఒక సన్నటి గీతలా అయిపోయాయి, 12కి లేపితే గానీ సాగరం సాగరంలా పరుచుకోలేదు. దీనికి ఫార్ములా ఏమీ లేదు, స్లైడర్ పెట్టుకుని జరుపుతూ, నచ్చిన చోట ఆపాను. ఇలాంటివాటికి రెండు ఆకారాల దగ్గర విలువలు మీరు చూసి నిర్ణయించి, మధ్యలో ఎక్కడున్నామో ఒక వంతుగా లెక్కకట్టాలి. సున్నా అంటే ఫోన్ కొస, ఒకటి అంటే ల్యాప్‌టాప్ కొస.

ఫంక్షన్ వంతు(ని, కింది, పై) {
  కాన్స్ట్ త = (మ్యాథ్.లాగ్(ని) - మ్యాథ్.లాగ్(కింది)) / (మ్యాథ్.లాగ్(పై) - మ్యాథ్.లాగ్(కింది));
  రిటర్న్ మ్యాథ్.మిన్(1, మ్యాథ్.మ్యాక్స్(0, త));
}

కాన్స్ట్ త = వంతు(నిష్పత్తి, 0.55, 2.08);
కాన్స్ట్ కెమెరా_ఎత్తు = 3 + (12 - 3) * త;

లాగ్ ఎందుకు అని అడుగుతారు, అడగాలి కూడా. ఎత్తుకి రెట్టింపు వెడల్పున్న విండో నిష్పత్తి 2. దాన్నే నిలువుగా తిప్పితే 0.5. మన కంటికి ఈ రెండూ చతురస్రానికి సమాన దూరంలో ఉంటాయి, ఒకటి ఎంత అడ్డమో ఇంకోటి అంత నిలువు. అంకెల్లో మాత్రం 1 నుంచి 2కి ఒకటి తేడా, 1 నుంచి 0.5కి సగమే తేడా. నిలువు ఆకారాలన్నీ సున్నాకీ ఒకటికీ మధ్య ఇరుక్కుపోతాయి, అడ్డం ఆకారాలకేమో హద్దే లేదు. లాగ్ తీసుకుంటే 2కి 0.69, 0.5కి మైనస్ 0.69 వస్తాయి, లెక్క కంటితో సరిపోతుంది. సగం విండోలో, అంటే 1.04 దగ్గర, లాగ్ లేకుండా కెమెరా ఎత్తు 5.9 వచ్చింది, లాగ్‌తో 7.3 వచ్చింది. రెండూ పెట్టి చూశాను, రెండోదే కుదిరింది. ఏ ఆధారంతో లాగ్ తీసినా పైనా కిందా కొట్టుకుపోతుంది కాబట్టి ఆ టెన్షన్ అక్కర్లేదు.

ఆ మిన్, మ్యాక్స్ లైన్‌ని దయచేసి తీసేయకండి. మా బావ దగ్గర 2560 × 1080 మానిటర్ ఉంది, బార్లు పోగా పేజీకి 2560 × 950 మిగులుతుంది, నిష్పత్తి 2.69. ఆ లైన్ లేకపోతే కెమెరా ఎత్తు 12 దగ్గర ఆగకుండా 13.8 దాకా వెళ్తుంది. ఎత్తు కాబట్టి కొంత నయం, అదే పారదర్శకత లాంటి విలువైతే ఒకటి దాటిపోయి, రంగు అయితే 255 దాటిపోయి ఏం జరుగుతుందో చెప్పలేం. మీరు చూడని ఆకారాల దగ్గర, మీరు చూసి ఒప్పుకున్న చివరి విలువే ఉండాలి.

ఇంకొకటి, నా సీన్‌లో పొగమంచు కూడా ఉంది. త్రీ.జేఎస్‌లో ఫాగ్ దూరం కెమెరా నుంచి లెక్క. ఫోన్‌లో కెమెరా 43కి వెళ్లగానే విగ్రహం సగం మంచులో కలిసిపోయింది. ఫాగ్ అంకెలు కూడా దూరంతో పాటు కలిపి మార్చాల్సి వచ్చింది. ఒక విలువ జరిపితే దాని మీద ఆధారపడ్డవి ఇంకేమున్నాయో ఒకసారి చూసుకోండి.

విండో సైజు మారినప్పుడల్లా ఇదంతా మళ్లీ జరగాలి. అంతా ఒక ఫంక్షన్‌లో పెట్టండి, దాని పేరు "సర్దు" అనుకుందాం. అందులో కెమెరా.ఆస్పెక్ట్‌కి కొత్త నిష్పత్తి ఇవ్వాలి, దూరం, ఎత్తు పెట్టాలి, కెమెరాని మళ్లీ విగ్రహం వైపు తిప్పాలి, కెమెరా.అప్‌డేట్‌ప్రొజెక్షన్‌మ్యాట్రిక్స్ పిలవాలి, బొమ్మ గీసే రెండరర్‌కి కొత్త సైజు చెప్పడానికి రెండరర్.సెట్‌సైజ్ పిలవాలి. అప్‌డేట్‌ప్రొజెక్షన్‌మ్యాట్రిక్స్ మర్చిపోతే బొమ్మ సాగిపోతుంది లేదా నొక్కుకుపోతుంది, బుద్ధుడు బొద్దుగా కనిపిస్తే తప్పు అక్కడే ఉందని గుర్తుపెట్టుకోండి. పేజీ తెరవగానే సర్దుని ఒకసారి మీరే పిలవాలి, ఎందుకంటే విండో సైజు మారిందని బ్రౌజర్ చెప్పే రీసైజ్ ఈవెంట్ మొదట్లో దానంతటది రాదు.

విండో అంచు పట్టుకుని లాగుతుంటే రీసైజ్ ఈవెంట్లు వరదలా వస్తాయి. ప్రతిదానికీ సర్దు పిలిస్తే పాత ఫోన్లు, పాత ల్యాప్‌టాప్‌లు ముక్కుతాయి. ఒక జెండా లాంటి వేరియబుల్ పెట్టుకోండి. ఈవెంట్ రాగానే జెండా దిగి ఉంటే ఎత్తి, తర్వాతి ఫ్రేమ్ గీసే ముందు ఒక పని చేయమని బ్రౌజర్‌కి చెప్పే రిక్వెస్ట్‌యానిమేషన్‌ఫ్రేమ్‌తో సర్దుని పిలిపించండి, సర్దు అయ్యాక జెండా దించండి. ఇప్పటికే ఎత్తి ఉంటే ఏమీ చేయొద్దు. అప్పుడు ఒక ఫ్రేమ్‌కి ఒక్కసారే పని జరుగుతుంది.

మీ కాన్వాస్ విండో నిండా కాకుండా ఒక డబ్బాలో ఉంటే విండో నిష్పత్తి మీకు పనికిరాదు. ఆ డబ్బా క్లయింట్‌విడ్త్, క్లయింట్‌హైట్ తీసుకోండి, రీసైజ్ ఈవెంట్ బదులు రీసైజ్‌అబ్జర్వర్ పెట్టండి. పక్కన మెనూ తెరిచినప్పుడు విండో మారదు, డబ్బా మారుతుంది, అప్పుడు ఇదే పట్టుకుంటుంది. డబ్బా దాగి ఉన్నప్పుడు ఎత్తు సున్నా వస్తుంది, సున్నాతో భాగిస్తే ఇన్ఫినిటీ (అనంతం) గానీ నాన్ (అంకె కాని విలువ) గానీ పుడుతుంది, నాన్ ఒకసారి కెమెరా స్థానంలోకి చేరిందంటే స్క్రీన్ మొత్తం ఖాళీ. ఎత్తు సున్నా అయితే సర్దు మొదటి లైన్‌లోనే వెనక్కి వచ్చేయాలి.

ఫోన్‌లో ఇంకో చిక్కు ఉంది. పేజీ జరిపేటప్పుడు అడ్రస్ బార్ దాక్కుంటుంది, ఇన్నర్‌హైట్ పెరుగుతుంది, నిష్పత్తి మారుతుంది, చదువుతున్న మనిషికి ఏ కారణం లేకుండా విగ్రహం వెనక్కి గెంతుతుంది. పేజీలో టైప్ చేసే పెట్టె ఉంటే కీబోర్డ్ పైకొచ్చినప్పుడు కూడా కొన్ని చోట్ల ఇదే. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో 108వ వెర్షన్ నుంచి కీబోర్డ్ వల్ల ఇన్నర్‌హైట్ తగ్గడం మానేసింది కానీ, అందరి చేతుల్లో ఉన్నది క్రోమే అని అనుకోలేం. నేను చేసింది ఏమిటంటే, టచ్ ఫోన్లలో వెడల్పు మారకుండా ఎత్తు మాత్రమే మారితే రెండరర్ సైజు, కెమెరా.ఆస్పెక్ట్ మారుస్తాను, దూరం, ఎత్తు మాత్రం పాతవే ఉంచేస్తాను. ఫోన్‌ని అడ్డంగా తిప్పితే వెడల్పు మారుతుంది కాబట్టి అప్పుడు అన్నీ మళ్లీ లెక్కవుతాయి.

అక్షరాల సైజు, అంచుల ఖాళీ లాంటివి కూడా ఆకారంతో మారాలంటే ఒక్కోదానికి జావాస్క్రిప్ట్ రాయనక్కర్లేదు. ఆ "త" అంకెని డాక్యుమెంట్ రూట్ మీద సెట్‌ప్రాపర్టీతో ఒక సీఎస్ఎస్ వేరియబుల్‌గా పెట్టేయండి, తర్వాత సీఎస్ఎస్‌లో క్యాల్క్‌తో ఎన్నింటికైనా వాడుకోవచ్చు. అసలు మీకు కావాల్సింది నిలువుకి ఒకటి, అడ్డానికి ఒకటి అంతే అయితే ఇదంతా వదిలేసి, సీఎస్ఎస్‌లో మిన్ ఆస్పెక్ట్ రేషియో మీడియా క్వెరీ పెట్టుకోండి, రెండు లైన్లలో అయిపోతుంది.

పరీక్షించేటప్పుడు ఫోన్, ల్యాప్‌టాప్ రెండే చూసి వదిలేయకండి. డెవ్‌టూల్స్‌లో రెస్పాన్సివ్ మోడ్ తెరిచి, అంచు పట్టుకుని సన్నటి నిలువు నుంచి వెడల్పాటి అడ్డం దాకా మెల్లగా లాగండి. విగ్రహం ఎక్కడా గెంతకూడదు, తల తెగకూడదు, పడవలు తెగకూడదు. మడత ఫోన్ విప్పితే దాదాపు చతురస్రం, కాబట్టి 1 దగ్గర కాసేపు ఆగి రెండు పక్కలా జరిపి చూడండి. నాది 0.92 దగ్గర కెమెరా కదలడం మొదలైన క్షణం కొంచెం కొట్టొచ్చినట్టు కనిపించింది, లాగుతున్నప్పుడు మాత్రమే. ఎవరూ విండోని అలా లాగుతూ చూడరు కాబట్టి దాన్ని అలాగే వదిలేశాను.